పాదచారి మామూలుగా వెళ్ళే దారి

ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. నాకు ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. అలాగని అబద్ధాలకోరును కాను. ఉన్నదానికే కొంచెం గాలి కొట్టి, ఉబ్బాక చూపిస్తాను. ఇంటికి నలుగురు చుట్టాలొస్తే నా నోట్లో అది పెళ్ళివారి విడిదైపోతుంది. గచ్చిబౌలిలో పావుగంట బస్సు కోసం నిలబడితే, నేను చెప్పేటప్పటికి ఆ బస్టాపులో నాకు గడ్డం పెరిగి నెరిసి ఉంటుంది. మా ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ నా మాటల్ని రైతుబజారులో వంకాయలు కొన్నట్టే కొంటోంది. నేను చెప్పిన దాంట్లో సగానికి బేరం మొదలుపెట్టి, చివరికి పావు వంతుకి తీసుకుని సంచిలో వేసుకుంటుంది. మీరూ అలాగే చెయ్యండి, నేనేమీ అనుకోను.

నా జబ్బుకి మూలం నా ఉద్యోగమని నా అనుమానం. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో యంత్రాల వాడకం పుస్తకాలు రాస్తాను. ఎవరూ చదవని సాహిత్యం అది. 'ఎర్ర మీట నొక్కండి' అని రాశాక అక్కడితో ఆగిపోవాలి. ఆ ఎరుపు ఎలాంటి ఎరుపో, ఆ మీటను నొక్కినవాడి గుండె ఎలా కొట్టుకుందో రాస్తే ఒప్పుకోరు. పగలంతా అలా నోరు కట్టేసుకుని కూర్చున్నవాడు సాయంత్రం ఇంటికొచ్చి పప్పులో ఉప్పు గురించి మాట్లాడినా సముద్రం దాకా వెళ్ళకుండా ఉండలేడు.

ఇక విషయానికి వస్తే, ఇది మా బావమరిది బారు పెట్టబోయిన సంగతి. మా ఆవిడకి తమ్ముడతను. జనగామ వైపు మనిషి. నేను గోదావరి పక్కనుంచి వచ్చినవాణ్ణి కాబట్టి మా ఇంట్లో పెద్దగా మాటలు వినిపిస్తే అది తగాదానో, రెండు జిల్లాలు కబుర్లాడుకోవడమో పక్కవాటా వాళ్ళకి ఇప్పటికీ తెలియదు.

బావమరిది గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆఫీసు భవనంలో క్యాంటీన్ నడిపేవాడు. అతను వండిన పులిహోర తిన్న ప్రోగ్రామర్లు తప్పులు లేని కోడు రాసేవారని నేను అంటాను, మీరు తగ్గించుకోండి. తర్వాత ఆఫీసులన్నీ ఇళ్ళకి వెళ్ళిపోయిన రోజులు వచ్చాయి. క్యాంటీన్‌లో మిగిలింది అతనూ, బల్లలూ, కుర్చీలూ. జనం మెల్లగా తిరిగొచ్చేసరికి ఆ చోటు ఒక పెద్ద కంపెనీ చేతికి పోయింది. అతను తన బల్లలన్నీ తెచ్చుకుని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, నా కారు ఉండాల్సిన చోట, టార్పాలిన్ కప్పి పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి టార్పాలిన్ ఎత్తి, ఒక్కో బల్లా తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ కప్పి వెళ్ళేవాడు. వేరే పని చూసుకోమంటే చూసుకునేవాడు. కొన్నాళ్ళు క్యాబ్ నడిపాడు, కొన్నాళ్ళు నార్సింగిలో కట్టే అపార్ట్‌మెంట్లకి ఇసుక తోలించాడు. కానీ నలుగురు కూర్చుని తింటుంటే పక్కన నిలబడి చూడకపోతే అతనికి ఒంట్లో బాగుండదు. జ్వరం కాదు, నొప్పి కాదు. ఏ దవాఖానలోనూ దానికి మందు లేదు.

అటువంటివాడు ఒకరోజు మా ఇంటికొచ్చి బారుకి దరఖాస్తు పెట్టానన్నాడు. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. జీవితంలో సీసా మూత తీసి ఎరగనివాడికి బారేమిటని అడిగింది. అతని లెక్క వేరే ఉంది. కొత్తగూడలో మొదటి అంతస్తు కిరాయి కట్టుకుంటూ బల్లలు వెయ్యాలంటే ఒట్టి భోజనాలతో గిట్టదు. బారైతే గిట్టుతుంది. పైగా అతని మనసంతా మంచింగ్ మీదే ఉంది. శనగలో బొబ్బర్లో ఉడకబెట్టి తాలింపు వేసిన గుడాలు, సర్వపిండి, బోటి వేపుడు, ఉల్లిపాయా నిమ్మకాయా పిండిన పల్లీలు. ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెడుతూ, "మందు మీద మంచింగ్ అంటరు అందరు. అసలు గుడాల మీదికి మందే మంచింగ్, బావా" అన్నాడు. ఆబ్కారీ శాఖ చరిత్రలో ఇలా ఆలోచించిన దరఖాస్తుదారు ఇంకొకడు ఉండడని నా నమ్మకం.

ఆ శాఖ గురించి రెండు మాటలు చెప్పాలి. నాకు ఆ శాఖంటే ముద్దు. మద్యనిషేధం, ఆబ్కారీ అని రెండు మాటలూ పక్కపక్కనే ఒకే బోర్డు మీద రాసుకుని, దాని కింద నిబ్బరంగా కూర్చోగలిగిన శాఖ ఇంకోటి లేదు. మా అత్తగారు నాకు షుగరుందని హెచ్చరిస్తూనే రెండో అరిసె విస్తట్లో వేసేవారు, అచ్చం అలాగ. మనిషి ఏం తాగుతాడన్నది వాళ్ళకి పెద్ద పట్టింపు కాదు. ఏ గుమ్మంలోంచి వచ్చి, ఏ గోడల మధ్య కూర్చుని, ఎంతసేపటిదాకా తాగుతాడన్నదే పట్టింపు. వంటగది ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, మెట్లెన్ని వైపుల, కెమెరా ఎటు చూస్తుంది, అన్నీ గీసిన పటంలో ఉండాలి. యంత్రాల పుస్తకాలు రాసేవాణ్ణి కదా, ఆ నిబంధనలు చదువుతుంటే నా వృత్తివాడెవడో నాకంటే బాగా రాశాడని అసూయ కలిగింది.

ఒక ప్రాంతానికి ఇన్ని బార్లని ప్రకటిస్తారు, అడిగేవాళ్ళు దానికి చాలా రెట్లుంటారు, అందుకని చీటీలు తీస్తారు. ఆ రోజు ఫంక్షన్ హాల్లో నిలబడటానికి చోటు లేదు. సగం మంది నుదుట బొట్లతో, చేతికి తాళ్ళతో, జేబులో నిమ్మకాయలతో వచ్చారు. అంత భక్తి నేను బ్రహ్మోత్సవాల్లో కూడా చూడలేదు. భార్య పేరున, మరదలి పేరున, అత్తగారి పేరున దరఖాస్తులు పెట్టినవాళ్ళున్నారు. తొంభై దాటిన ఒక ముసలమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, బారు వస్తే సంతకం పెట్టాలని చెవిలో అరుస్తున్నారు. వేదిక మీద అధికారి డబ్బాలోంచి బిళ్ళ తీసి అంకె చదివినప్పుడు మా బావమరిది అక్కడ లేడు. వెనకాల ఉప్మా వడ్డిస్తున్న చోట, ఆవాలు మాడబెట్టారని వంటవాడితో మాట్లాడుతున్నాడు. ఆ అంకె తనదని నేను పరుగెత్తుకెళ్ళి చెబితే, "ఆగు బావా, ఇంత మాడితే చేదొస్తది, ఇతనికి జర చెప్పనీ" అన్నాడు.

చీటీ తగిలినంత మాత్రాన బారు వచ్చినట్టు కాదు. గడువు లోపల నిబంధనలకి సరిపోయే చోటు చూపించాలి. చూపించలేకపోతే ఆ అదృష్టం చీటీల్లో తర్వాత ఉన్నవాడికి వెళ్ళిపోతుంది. అతనికి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద, రోడ్డు మీదికే ఉన్న ఒక భవనంలో మొదటి అంతస్తు దొరికింది. వెలుతురు, గాలి, విశాలమైన మెట్లు. సెల్లార్‌లోంచి బల్లలు వెళ్ళాయి. నాలుగేళ్ళ తర్వాత నా కారు తన చోటికి వచ్చి, సిగ్గుపడుతూ నిలబడింది.

చిక్కు రోడ్డుకి అవతల ఉంది. ఎదురుగా సందు మొదట్లో ఒక చిన్న బడి ఉంది. పూర్వం ఎవరో ఇల్లుగా కట్టుకున్న రెండంతస్తుల్లో ఒక టీచరమ్మ నడిపే బడి. బడికీ గుడికీ దవాఖానకీ వంద మీటర్ల లోపల బారు ఉండకూడదు. గాలిలో కాకి ఎగిరినట్టు కొలిస్తే ఆ గేటూ ఈ గుమ్మమూ బాగా దగ్గర. కిరాయి కాగితాలు రాసుకున్నాక ఎవరో ఈ మాట చెప్పారట. ఆ రాత్రి మా ఇంట్లో బావమరిది అన్నం ముద్ద కలిపి కలిపి, తినకుండా వదిలేశాడు.

అప్పుడు నేను నిబంధన తీసి చదివాను. దూరాన్ని కాకి ఎగిరినట్టు కొలవరు. ఈ గుమ్మం నడుమ నుంచి ఆ గేటు నడుమకి, పాదచారి మామూలుగా వెళ్ళే దగ్గరి దారిలో కొలుస్తారు. ఎంత చక్కని వాక్యమో చూడండి. నేను మూడుసార్లు పైకి చదివాను. కొత్తగూడలో మధ్యన డివైడరుంది, దాని మీద నడుమెత్తు ఇనప కంచె ఉంది. రోడ్డు దాటాలంటే సిగ్నల్ దాకా నడిచి, దాటి, మళ్ళీ వెనక్కి రావాలి. అలా నడిస్తే వంద మీటర్లు కాదు, మధ్యలో ఒకసారి టీ తాగి కూర్చోవాల్సినంత దూరం. బావమరిది కంచం మళ్ళీ ముందుకి లాక్కున్నాడు.

చోటు చూడటానికి వచ్చినామె ఆబ్కారీ ఎస్సై. ముప్పై దాటి ఉండదు. వరంగల్ మాట, తక్కువ మాట. వెంట ఒక కానిస్టేబుల్. పైకెక్కి గోడలూ మెట్లూ చూసి, బాగుందని తలూపి, కిందికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడింది. నేను నిబంధన గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె వింటూనే రోడ్డు వైపు చూస్తోంది. చూస్తుండగానే ఒకావిడ కూరగాయల సంచితో వచ్చి, డివైడర్ దగ్గర వంగి, అవతల లేచింది. ఆ వెనకాల సెక్యూరిటీ గార్డు. వెనకాల బ్యాగుల కుర్రాళ్ళిద్దరు. సరిగ్గా మా మెట్లకి ఎదురుగా ఎవరో కంచెలో రెండు కడ్డీలు కోసేశారు. ఆ సందులోంచి కొత్తగూడ మొత్తం దూరి వెళుతోంది. నా లెక్కన ఆ పూట ఒక పెళ్ళి ఊరేగింపు, బ్యాండు మేళంతో సహా, అందులోంచి దాటింది.

"సిగ్నల్ కాడికి పోయి దాటాలె కద మేడం," అన్నాడు బావమరిది, నీరసంగా.

"ఎట్ల పోవాలె అని రూల్‌ల లేదన్నా. ఎట్ల పోతరో అదే రాసుంది," అంది ఎస్సై. "టేపు ఇయ్యాల తేలేదు. గడువు లోపల ఇంకోపారి వస్త. అప్పటికి గూడ జనం గిట్లనే పోతుంటే నేను చేసేదేం లేదు."

ఇప్పుడు మా వాడి పరిస్థితి ఆలోచించండి. అతని బల్లల మీద ఎవరైనా కూర్చోవాలంటే ముందు కొత్తగూడ ప్రజలు బుద్ధిమంతులు కావాలి. వాళ్ళకి ఆ ఉద్దేశం ఉన్నట్టు ఎన్నడూ దాఖలా లేదు.

కంచె బాగుచెయ్యమని అర్జీ పెట్టాడు. అది ఆఫీసుల్లో ఎక్కాల్సిన బల్లలెక్కుతోంది. తనే సొంతంగా కడ్డీలు బిగిస్తే ప్రభుత్వ ఆస్తిని ముట్టుకున్నట్టవుతుంది. ఆ సందు ముందు పూలకుండీలు తెచ్చి పెట్టాడు. మర్నాటికి కుండీలు లేవు, ఆ చుట్టుపక్కల బాల్కనీలన్నీ పచ్చగా ఉన్నాయి. తాడు కట్టాడు. జనం తాడు కింద నుంచి వెళ్ళారు. ఒక పెద్దాయన తాడు పట్టుకుని లేవడం నడుముకి హాయిగా ఉందని, ఇంకో తాడు కూడా కట్టమన్నాడు.

ఇక తనే నిలబడ్డాడు. పొద్దున బడి మొదలయ్యే వేళకి, సాయంత్రం బడి వదిలే వేళకి, డివైడర్ దగ్గర. ఎవరైనా రోడ్డు దిగబోతే ఎదురెళ్ళి చేతులు జోడించేవాడు. అన్నా జర చుట్టు తిరిగి పోరాదే, అక్కా ఫికర్ జేయకు నీ సంచి నేను పట్టుకుంట. అతని గొంతులో ఏదో ఉండేది. అడ్డగించినట్టుండదు, భోజనానికి పిలిచినట్టుంటుంది. తిట్టుకుంటూనైనా కొందరు చుట్టూ తిరిగారు. కొందరి సంచులు నిజంగానే సిగ్నల్ దాకా మోశాడు. ఒకతను గ్యాస్ సిలిండర్‌తో వచ్చాడు. దాన్నీ మోశాడు. చిన్న పిల్లల్ని ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేలా వరసగా నిలబెట్టి, ముందు తను నడిచి, రైలులా సిగ్నల్ దాటించి బడి గేటు దాకా తీసుకెళ్ళేవాడు. తల్లిదండ్రులు అతను బడి మనిషనుకున్నారు. బడివాళ్ళు పోలీసు శాఖ మనిషనుకున్నారు. ట్రాఫిక్ పోలీసు ఏమనుకున్నాడో తెలియదు కానీ, ఓ రోజు తన ఈల ఇతనికిచ్చి టీకి వెళ్ళాడు.

బడి నడిపే టీచరమ్మ రాజమండ్రి వైపు ఆవిడ. అరవై దగ్గర పడ్డాయి. తెల్లటి నేత చీర, మెడలో సన్నని శిలువ. ఆ కడ్డీలు కోసినప్పటి నుంచి పిల్లలు అటు పరుగెత్తుతుంటే ఆవిడకి పొద్దున్నే గుండె దడట. వారం రోజులు చూసి చూసి, ఒక సాయంత్రం మజ్జిగ గ్లాసుతో వచ్చి, తమరు ఏ డిపార్టుమెంటండీ అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. నేనైతే ఏదో ఒక శాఖని అక్కడికక్కడ పుట్టించేవాణ్ణి. మా వాడు గ్లాసు అందుకోకుండానే, "నేను గా మీద బార్ పెడుతున్న, మేడం" అనేశాడు. పెట్టాలంటే జనం ఇటు దుంకకూడదనీ, అందుకే నిలబడ్డాననీ మొత్తం చెప్పేశాడు.

ఆవిడ తలెత్తి ఆ మొదటి అంతస్తు వైపు చూసింది. గ్లాసు వెనక్కి తీసుకుంటుందనే అనుకున్నాను. చివరికి అతని చేతిలో పెట్టింది.

"ఆదివారం ప్రార్థనలో మీ బారు కోసమైతే అడగలేనండి," అంది. "మీ కోసం అడుగుతాను."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆవిడ నన్ను బేరమాడలేదు. మొదటిసారి చెప్పిన ధరకే తీసుకుంది.

ఎస్సై మళ్ళీ వచ్చేసరికి గడువు దగ్గర పడింది. ఆ పొద్దున కొత్తగూడ కూడలిని మీరు చూసి ఉండాల్సింది. మా వాడు మెట్ల కింద, ఎస్సై పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డివైడర్ దగ్గర ఎవరూ లేరు. అయినా ఒక్కరూ దూరలేదు. కూరగాయలావిడ వచ్చింది, సందు వైపు చూసింది, ఇటు మా వాణ్ణి చూసింది, తల దించుకుని సిగ్నల్ వైపు నడిచింది. గార్డు అంతే. కుర్రాళ్ళంతే. చివరికి అక్కడే పుట్టి పెరిగిన ఊరకుక్క ఒకటి రోడ్డు దిగబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, సిగ్నల్ దాకా వెళ్ళి, ఎర్ర దీపం పడేదాకా కూర్చుని దాటింది. ఎస్సై చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో మొదటిసారి చిరునవ్వు లాంటిది కనిపించింది. "మంచిగ మార్చిన్రన్నా," అంది. మా వాడికి కళ్ళు చెమర్చాయి. నాకూ. కుక్క సంగతి చెప్పలేను.

కానిస్టేబుల్ సంచిలోంచి వంద మీటర్ల టేపు తీశాడు. పెద్ద చుట్ట, దానికొక పిడి, కొసకి ఇనప కొంకి. చుట్ట పట్టుకుని అతను మా గుమ్మం నడుమ నిలబడ్డాడు. ఎస్సై కొంకి మా వాడి చేతికిచ్చి, బడి గేటు నడుమ పట్టుకుని నిలబడమంది. సిగ్నల్ వైపు తిరిగి నడిస్తే అక్కడికి చేరకముందే టేపు అయిపోతుంది, ఇంక కొలిచే పనే ఉండదు, బారు వచ్చేసినట్టే. మా అందరికీ ఆ సంగతి తెలుసు. అతనికి అందరికంటే బాగా తెలుసు.

కొంకి అందుకున్నాడు. ఆనందంగా, హడావుడిగా, పెళ్ళిలో వడ్డనకి గిన్నె అందుకున్నట్టు అందుకుని రోడ్డు దిగాడు. కారొకటి ఆగింది. డివైడర్ దగ్గర వంగాడు, కడ్డీల సందులోంచి భుజం తిప్పుకుని దూరాడు, అవతల లేచాడు, రోడ్డు దాటి బడి గేటుకి కొంకి ఆనించి, నవ్వుతూ ఇటు తిరిగాడు. కానిస్టేబుల్ చేతిలో టేపు ఇంకా సగం చుట్ట అలాగే ఉంది.

అప్పుడు తట్టింది నాకు. అన్ని రోజులూ అటువైపు దిగేవాళ్ళని ఆపాలన్నా, ఇటువైపు దిగేవాళ్ళని ఆపాలన్నా, రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి అతను పరుగెత్తింది ఆ సందులోంచే. రోజుకి ఎన్నిసార్లో. అందరి చేతా మాన్పించే హడావుడిలో తను మాత్రం దూరుతూనే ఉన్నాడు. ఆ రోడ్డు మీద ఆ దారిలో మామూలుగా వెళ్ళే పాదచారి ఒక్కడే మిగిలాడు, అతనే.

టేపు రోడ్డుకి అడ్డంగా, కంచె సందులోంచి, గీత గీసినట్టు తిన్నగా ఉంది. దానికి అటూ ఇటూ బండ్లన్నీ ఆగి హారన్లు కొడుతున్నాయి. కానిస్టేబుల్ ముందు దగ్గినట్టు దగ్గి, ఆపుకోలేక నవ్వేశాడు. గేటు దగ్గర టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూస్తుండగానే ఫుట్‌పాత్ మీద వాళ్ళందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా బావమరిదే.

"రాయక తప్పదన్నా," అంది ఎస్సై, అతను తిరిగొచ్చాక. "మామూలుగ ఎట్ల పోతరో అట్లనే పోయిన్రు." గడువు ఇంకా కొంచెం ఉందనీ, వేరే చోటేదైనా చూపిస్తే తనే వచ్చి చూస్తాననీ చెప్పింది. ఆ మాట మీద నిలబడింది కూడా. కొండాపూర్ వైపు మేం చూపించిన రెండు చోట్లకీ వచ్చింది. ఒకదాని వెనకాల మేం చూడని గుడి ఉంది. రెండోదానికి యజమాని ఆఖరి నిమిషంలో అడ్డం తిరిగాడు. గడువు అయిపోయింది. లైసెన్సు చీటీల్లో తర్వాతవాడికి వెళ్ళింది.

కొత్తగూడ మొదటి అంతస్తులో బల్లలు మాత్రం అలాగే ఉన్నాయి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ, గుడాలు, సర్వపిండి. బ్రహ్మాండంగా నడుస్తోందని నేను చెబుతాను, నడుస్తోందని మా ఆవిడ చెబుతుంది, కిరాయి రోజు వచ్చినప్పుడు పరేషాన్‌గానే ఉందని అతను చెబుతాడు. సాయంత్రం ఆఫీసులు వదిలాక మెట్లెక్కి వచ్చే కుర్రాళ్ళు చుట్టూ చూసి బీరు లేదా అన్నా అని అడుగుతారు. లేదు, జర గుడాలు తినుండ్రి అంటాడు. కొందరు దిగి వెళ్ళిపోతారు. కూర్చున్నవాళ్ళ పక్కన నిలబడి చూస్తుంటాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. టీచరమ్మ బడికి ఇక్కడి నుంచే మధ్యాహ్నం ఇడ్లీలు వెళతాయి. కంచెకి కడ్డీలు ఇంకా రాలేదు. అందుకని పొద్దున పిల్లల రైలు ఇంకా సిగ్నల్ మీదుగానే నడుస్తోంది. దానికి ఇప్పుడు అతనికి కారణమేమీ లేదు. అడిగితే, అలవాటైందంటాడు.

ఇక చీటీల రోజు ముసలమ్మ వయసూ, ఆ పెళ్ళి ఊరేగింపూ, పచ్చబడ్డ బాల్కనీలూ మీకు ఎంత కావాలో అంత తగ్గించుకోండి. కుక్క రోడ్డు దిగబోయి ఆగిన మాట నిజం. సిగ్నల్ దగ్గర కూర్చోబెట్టింది నేను. ఇవన్నీ ఊదినవి, పుట్టించినవి కావు. పూర్తిగా పుట్టించింది ఒక్కటే ఉంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా బావమరిది అని రాశాను. అతను నవ్వలేదు.

అవతలి నుంచి మా మొహాలు చూశాక అతనికి అర్థమైంది. ఆ గేటుకి ఆనించిన కొంకి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కానిస్టేబుల్ టేపు చుట్టబోతే రాలేదు. మెల్లగా రెండుసార్లు లాగి, ఊరుకున్నాడు. హారన్లు మోగుతున్నాయి. నేను ఆ సందులోంచే దూరి వెళ్ళి, అతని వేళ్ళు విప్పి కొంకి తీసుకున్నాను. ఏదో ఒకటి అనాలి కదా. ఏ మాటకైనా గాలి కొట్టగలవాణ్ణి, ఒక్క మాట కూడా దొరకలేదు. అతనే నా వైపు చూశాడు.

"పొద్దుగాల అందరికని గుడాలు ఉడకవెట్టిన, బావా. గిప్పుడు అవన్నీ ఎవరు తింటరు?"

ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను.